ఉపవాసం చేస్తే ఆటోఫేజీ హెపటైటిస్-బి వైరస్‌ను తినేస్తుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. మీ అన్నయ్యగారికి దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉంది, రోజూ టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటున్నారు. రోజుకు పద్దెనిమిది గంటలు ఉపవాసం ఉంటే ఆటోఫేజీ మొదలై, కాలేయ కణాలు తమలోని వైరస్‌ను తామే తినేస్తాయని, ఇది నోబెల్ బహుమతి వచ్చిన శాస్త్రమని ఒక వీడియోలో విని, మాత్ర మానేసి ఉపవాసాన్నే నమ్ముకోవాలని ఆయన ఆలోచిస్తున్నారు. అందులో నిజమెంత, హెపటైటిస్ వైరస్‌లకూ ఆటోఫేజీకీ అసలు ఉన్న సంబంధం ఏమిటి అని మీరు అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మాత్ర మానవద్దు. ఆటోఫేజీ పెరిగితే హెపటైటిస్-బి వైరస్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ప్రయోగశాలల్లో ఇప్పటిదాకా కనిపించినది ఎక్కువగా దీనికి వ్యతిరేకమే. హెపటైటిస్-బి, సి వైరస్‌లు రెండూ ఆటోఫేజీ యంత్రాంగంలోని తొలి భాగాన్ని తమ సంతతి పెంచుకోవడానికి వాడుకుంటాయి, తమను జీర్ణం చేయగల చివరి భాగాన్ని మాత్రం నెమ్మదింపజేస్తాయి. కాబట్టి ఆ యంత్రాంగాన్ని ఉపవాసంతో వేగవంతం చేస్తే లాభం ఎవరికన్నది వీడియో చెప్పినంత తేలిక విషయం కాదు.

నేను వైద్యుణ్ని కాను, కాలేయాన్ని ఆశ్రయించే వైరస్‌లపై ప్రయోగశాలలో చాలాకాలంగా పనిచేస్తున్నవాణ్ని. కణాల లోపల జరిగేదాన్ని గురించి నా పని అనుభవంతో రాస్తాను. మందులు, ఆహారం గురించి చివర్లో రాసేవి కాలేయ వైద్యుల మార్గదర్శకాల్లో ఉన్నవే, వాటి విషయంలో చివరి మాట మీ అన్నయ్యగారిని చూస్తున్న వైద్యులదే.

వీడియోలో మొదటి సగం నిజమే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. కణం తనలోని పాతబడిన ప్రోటీన్లను, చెడిపోయిన మైటోకాండ్రియాలను, మిగులు కొవ్వును ఒక సంచిలో చుట్టి, లైసోజోమ్ అనే ఆమ్లపు తిత్తికి పంపి, ముక్కలు చేసి, వచ్చిన ముడిసరుకును తిరిగి వాడుకోవడమే ఆటోఫేజీ. లైసోజోమ్‌లను కనిపెట్టిన బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో దీనికి ఆ పేరు పెట్టారు. దానికి ముందు సంవత్సరమే ఆష్‌ఫర్డ్, పోర్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గ్లూకగాన్ ఇచ్చిన ఎలుకల కాలేయ కణాల్లో, లైసోజోమ్‌ల లోపల కణపు భాగాలే అరుగుతూ ఉండటాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. గ్లూకగాన్ అంటే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మన ఒంట్లో పెరిగే హార్మోనే. అంటే ఉపవాసానికీ కాలేయపు ఆటోఫేజీకీ ఉన్న బంధం ఈ శాస్త్రం పుట్టుకలోనే ఉంది. రెండు రోజులు ఆహారం లేని ఎలుక కాలేయం తన ప్రోటీన్‌లో పాతిక నుంచి నలభై శాతం దాకా కోల్పోతుంది, అందులో పెద్ద వాటా ఈ దారినే పోతుంది. నోబెల్ సంగతీ నిజమే. 2016లో ఆ బహుమతి పొందిన యోషినోరి ఒసుమి, 1990ల తొలినాళ్లలో ఆహారం అందని ఈస్ట్ కణాలను పరిశీలించి ఈ ప్రక్రియను నడిపే జన్యువులను గుర్తించారు. అయితే ఆయన పని చేసింది ఈస్ట్ మీద. హెపటైటిస్‌కు ఉపవాసం మందు అని ఆ పరిశోధనలో ఎక్కడా లేదు.

ఇక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే ప్రక్రియలోని అంచెలను కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే వైరస్ ఆట అంతా ఏ అంచెలో చేయి పెట్టిందన్న దాని మీదే ఉంది. పోషకాలు సమృద్ధిగా ఉన్నప్పుడు ఎంటార్ అనే ప్రోటీన్ ఆటోఫేజీని అణచి ఉంచుతుంది. పోషకాలు తగ్గగానే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు బెక్లిన్-1, వీపీఎస్34 అనే ప్రోటీన్ల జట్టు ఒకచోట ప్రత్యేకమైన కొవ్వు గుర్తును పొర మీద వేస్తుంది. ఆ గుర్తు దగ్గరికి ఏటీజీ5, ఏటీజీ12, ఏటీజీ16ఎల్1 కలిసిన మరో జట్టు చేరి, ఎల్‌సీ3 అనే చిన్న ప్రోటీన్‌ను పొరకు అతికిస్తుంది. పొర పెరిగి, వంగి, అంచులు కలుసుకుని రెండు పొరల సంచి అవుతుంది. దీన్నే ఆటోఫాగోసోమ్ అంటారు. ఇంతవరకు జరిగింది నిర్మాణం మాత్రమే, ఇంకా ఏదీ అరగలేదు. ఆ తర్వాత రాబ్7 వంటి ప్రోటీన్ల సాయంతో ఈ సంచి లైసోజోమ్‌తో కలిసిపోతేనే, పీహెచ్ 5 కన్నా తక్కువ ఉండే ఆ ఆమ్లంలో ఎంజైములు పని మొదలుపెడతాయి.

కణానికి ఉపయోగం ఉన్నది చివరి అంచెలో. వైరస్‌కు ఉపయోగం ఉన్నది మొదటి అంచెల్లో. పొరలు, పొరలను వంచే ప్రోటీన్లు, రక్షణ వ్యవస్థ కంట పడని చాటు ఇవన్నీ నిర్మాణ దశలోనే దొరుకుతాయి. 42 నానోమీటర్ల వ్యాసం, 3,200 అక్షరాల డీఎన్‌ఏ మాత్రమే ఉన్న హెపటైటిస్-బి వైరస్ ఇవన్నీ సొంతంగా తయారుచేసుకోలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కణం పోగేసిన సరంజామాతో తన పని నడిపించుకుంటుంది.

హెపటైటిస్-బి విషయంలో మన చేతిలో ఉన్న గట్టి ఆధారాలేమిటో చూద్దాం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఊ బృందం 2010లో ప్రచురించిన పనిలో, వైరస్ తయారుచేసే హెచ్‌బీఎక్స్ అనే చిన్న ప్రోటీన్ నేరుగా వీపీఎస్34కు అతుక్కుని దాని చురుకును పెంచుతుందని తేలింది. ఫలితంగా కణంలో ఆటోఫేజీ సంచులు పెరిగాయి. అయితే ఆ దారిన ప్రోటీన్లు అరిగే వేగం చెప్పుకోదగినంతగా పెరగలేదు, అంటే సంచులు కట్టడం పెరిగింది గాని సరుకు కరగడం పెరగలేదు. ఆ మరుసటి సంవత్సరం అదే బృందం, హెపటైటిస్-బి వైరస్‌ను తయారుచేసేలా జన్యుమార్పిడి చేసిన ఎలుకల కాలేయంలో ఏటీజీ5 జన్యువును తొలగించి చూసింది. ఆటోఫేజీ వైరస్‌ను తినేసేదే అయితే, దాన్ని ఆపినప్పుడు వైరస్ పెరగాలి. జరిగింది వేరు: ఎలుకల రక్తంలోని వైరస్ డీఎన్‌ఏ 90 శాతానికి పైగా పడిపోయింది. మీ అన్నయ్యగారికి ఒక్క ప్రయోగం గురించే చెప్పే అవకాశం ఉంటే దీని గురించే చెప్పండి.

దాదాపు అదే కాలంలో చైనా శాస్త్రవేత్తలు వేరే కోణం చూపించారు. వైరస్ ఉపరితల ప్రోటీన్‌లలో చిన్నది, అంటే రక్తపరీక్షలో మనం హెచ్‌బీఎస్ ఏజీ అని చూసేదానిలో ప్రధానమైనది, కణంలో కుప్పలుగా తయారై, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (కణంలో ప్రోటీన్లు తయారయ్యే పొరల వల) మీద ఒత్తిడి పెంచుతుందని, ఆ ఒత్తిడి ఆటోఫేజీని రేపుతుందని, ఆ పొరల దగ్గరే వైరస్ తన పైతొడుగును తొడుక్కుంటుందని వాళ్లు చెప్పారు. మొదటి బృందం ఆటోఫేజీ అవసరం డీఎన్‌ఏ ప్రతులు తీసే దశలో ఉందంటుంది, రెండో బృందం తొడుగు తొడిగే దశలో ఉందంటుంది. ఇద్దరూ వాడిన కణాల రకాలు వేరు, పద్ధతులు వేరు. నా అభిప్రాయంలో ఈ రెండింట్లో ఒకటే నిజం కావలసిన అవసరం లేదు. ఏ అంచెలో అవసరమైనా, ఆటోఫేజీని ఆపితే వైరస్ నష్టపోతుందన్న చోట మాత్రం రెండు బృందాలూ కలుస్తాయి.

చివరి అంచెను వైరస్ ఎలా నెమ్మదింపజేస్తుందన్నది కూడా కొంత తెలిసింది. అదే హెచ్‌బీఎక్స్ ప్రోటీన్, లైసోజోమ్‌లోకి ఆమ్లత్వాన్ని నింపే ప్రోటాన్ పంపుకు అతుక్కుని దాని పనిని చెడగొడుతుంది. ఆమ్లం చాలని లైసోజోమ్‌లో ఎంజైములు పూర్తిగా పక్వం కావు. అలాగని వైరస్ పూర్తిగా తప్పించుకుంటుందని కూడా కాదు. రాబ్7ను తగ్గించి సంచులు లైసోజోమ్‌తో కలవకుండా చేసినప్పుడు కణం నుంచి బయటికి వచ్చే వైరస్ పెరిగింది. అంటే మామూలు స్థితిలో కొంత వైరస్ నిజంగానే లైసోజోమ్‌ల పాలవుతోందన్నమాట. వీడియోలు చెప్పేవాళ్లు పట్టుకున్న నిజపు తునక ఇదే, కాని దాని పక్కనే ఉన్న ఏటీజీ5 ఎలుకల సంగతి వాళ్లు చెప్పరు.

ఇక ఉపవాసం దగ్గరికి వద్దాం. ఇది ఊహించి చెప్పవలసిన విషయం కాదు, ఎలుకల్లో చేసి చూశారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో యోసెఫ్ షాల్ బృందం 2006లో, హెపటైటిస్-బి డీఎన్‌ఏను కాలేయంలోకి చేర్చిన ఎలుకలను కొద్దికాలం పస్తు ఉంచింది. పస్తు ఉన్నప్పుడు వైరస్ జన్యువుల పని గట్టిగా పెరిగింది, తిరిగి ఆహారం పెట్టగానే తగ్గింది. దీనికి కారణం ఆటోఫేజీ కాదు, పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రోటీన్. పస్తు ఉన్నప్పుడు మన కాలేయం గ్లూకోజ్‌ను సొంతంగా తయారుచేసే జన్యువులను మేల్కొలిపేది ఈ ప్రోటీనే. వైరస్ తన జన్యువుల ముందు పెట్టుకున్న మీటలు కూడా సరిగ్గా ఆ సంకేతానికే స్పందించేలా ఉన్నాయి. కాలేయ కణంలోనే బతకడానికి అలవాటుపడిన వైరస్ ఆ కణం ఆకలి సంకేతాన్ని కూడా చదవడం నేర్చుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. ఎంటార్‌ను అణచే రాపామైసిన్ మందును హెపటైటిస్-బి ఉన్న కణాలకు ఇచ్చినప్పుడు కూడా వైరస్ ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ పెరిగాయని 2007లో మరో బృందం చూపించింది. ఉపవాసంతో ఎంటార్ తగ్గుతుంది కాబట్టి మంచిదని వాదించేవాళ్లు ఈ ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎలుకలో కొన్ని గంటల పస్తు మనిషిలో అంతకు ఎన్నో రెట్ల పస్తుతో సమానం, ఎందుకంటే దాని జీవక్రియ వేగం వేరు. ఆ ప్రయోగాన్ని చూపించి, శనివారం ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు వైరస్ పెరిగిపోతుందని నేను అనడం లేదు, అలా అనడం వీడియోవాళ్లు చేసిన పొరపాటునే తిరగేసి చేయడమవుతుంది. టెనోఫోవిర్ సక్రమంగా వేసుకుంటూ, వైరస్ డీఎన్‌ఏ పరీక్షలో కనిపించనంత తక్కువగా ఉండి, సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) లేనివారికి ఏకాదశి ఉపవాసం వల్ల సాధారణంగా ప్రమాదం ఉండదు. ఉపవాసాన్ని చికిత్సగా భావించి మందు మానడమే ప్రమాదం.

హెపటైటిస్-సి కథ మరింత విస్తారమైనది, ఒక రకంగా స్పష్టమైనది కూడా. ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్, కేంద్రకంలోకి వెళ్లదు, తన పనంతా కణద్రవంలో పొరల మీదే చేసుకుంటుంది. 2005లో జపాన్ రోగి నుంచి తీసిన జేఎఫ్‌హెచ్-1 అనే రకం కణాల్లో పూర్తి జీవితచక్రం నడుపుతుందని తేలాక ఈ పరిశోధన ఊపందుకుంది. 2008లో ఊ బృందమే, ఈ వైరస్ సోకిన కణాల్లో ఆటోఫేజీ మొదలవుతుంది గాని పూర్తికాదని చూపించింది. మరుసటి సంవత్సరం మరో బృందం ఇంకొక సూక్ష్మ విషయం చెప్పింది. కణంలోకి కొత్తగా వచ్చిన వైరస్ ఆర్‌ఎన్‌ఏ నుంచి తొలి ప్రోటీన్లు తయారవడానికి ఆటోఫేజీ ప్రోటీన్లు కావాలి, కాని ఒకసారి సంక్రమణ నిలదొక్కుకున్నాక వాటిని తొలగించినా వైరస్ పెద్దగా పట్టించుకోదు. మందుల కోణంలో ఇది ముఖ్యం. రోగి మన దగ్గరికి వచ్చే సమయానికి సంక్రమణ ఎప్పుడో నిలదొక్కుకుని ఉంటుంది.

ఈ వైరస్ ఆటోఫేజీని ఆపడం కాదు, దాని వేళలను తనకు అనుకూలంగా సర్దుకుంటుంది. సంక్రమణ తొలి దశలో రూబికాన్ అనే ప్రోటీన్‌ను పెంచి సంచులు లైసోజోమ్‌ను చేరకుండా జాప్యం చేస్తుంది. తర్వాతి దశలో యూవీఆర్‌ఏజీ అనే ప్రోటీన్ పెరిగి సంచులు ముందుకు కదులుతాయి. రూబికాన్‌ను తగ్గిస్తే వైరస్ తగ్గింది, యూవీఆర్‌ఏజీని తగ్గిస్తే వైరస్ పెరిగింది. ఆటోఫేజీ వైరస్‌కు మిత్రుడా, శత్రువా అన్న ప్రశ్నకు జవాబు ఏ గంటలో అడిగారన్న దాని మీద ఆధారపడుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వీటితోపాటు, ఆటోఫేజీ ఉన్న కణాల్లో ఇంటర్‌ఫెరాన్ స్పందన (వైరస్‌ను ఎదిరించే కణపు సొంత రక్షణ) అణగి ఉండటం, ఆటోఫేజీ జన్యువులను తగ్గిస్తే ఆ స్పందన లేచి వైరస్‌ను దెబ్బతీయడం కూడా కొన్ని బృందాలు గమనించాయి. దెబ్బతిన్న మైటోకాండ్రియాలను ఎప్పటికప్పుడు తొలగించి, సోకిన కణం ఆత్మహత్య చేసుకోకుండా వైరస్ కాపాడుకుంటుందని శాన్ డియాగోలోని సిద్ధిఖీ బృందం హెపటైటిస్-బి, సి రెండింటిలోనూ చూపించింది. అయితే హెపటైటిస్-సి కోర్ ప్రోటీన్ ఆ తొలగింపును అడ్డుకుంటుందని జపాన్ బృందం ఒకటి చెప్పింది. ఈ రెండూ ఇంకా రాజీపడలేదు.

ఒకే వైరస్, ఒకే ప్రక్రియ అయినప్పుడు ఫలితాలు ఇలా ఎందుకు తగాదా పడతాయని మీకు సందేహం రావచ్చు. దీనికి నేను రోజూ చూసే కారణం ఒకటుంది, అది శాస్త్రవార్తల్లో ఎక్కడా కనిపించదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఆటోఫేజీని కొలవడానికి మేం ఎక్కువగా వాడేది ఎల్‌సీ3 ప్రోటీన్‌నే. అది పొరకు అతుక్కున్నాక, ప్రోటీన్లను గీతలుగా చూపించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో కింద రెండో గీతగా కనిపిస్తుంది. ఆ గీత ముదిరితే ఆటోఫేజీ పెరిగిందని కొత్తగా చేరిన విద్యార్థులు సంబరంగా చూపిస్తారు. కాని ఆ గీత రెండు కారణాల వల్ల ముదరవచ్చు: సంచులు ఎక్కువ తయారవడం వల్ల, లేదా తయారైనవి అరగకుండా పేరుకుపోవడం వల్ల. ఇవి ఒకదానికొకటి పూర్తి విరుద్ధమైన పరిస్థితులు, గీత మాత్రం ఒకటే. అందుకే బాఫిలోమైసిన్ వంటి మందుతో లైసోజోమ్‌ను పూర్తిగా ఆపి, అప్పుడు గీత ఇంకా ముదురుతుందో లేదో చూడాలి. ముదిరితే అరుగుదల నడుస్తోందని, ముదరకపోతే అది ముందే ఆగి ఉందని అర్థం. ఆటోఫేజీలో అరిగిపోయే పీ62 అనే మరో ప్రోటీన్ పేరుకుంటోందా, కరుగుతోందా అన్నది కూడా పక్కనే చూడాలి. పాత ప్రచురణల్లో కొన్ని ఈ జాగ్రత్తలు లేకుండానే 'వైరస్ ఆటోఫేజీని పెంచింది' అని తేల్చేశాయి.

మరో చిక్కు కూడా ఉంది. వైరస్ జన్యువును కణాల్లోకి పంపడానికి మేం వాడే కొవ్వు ద్రావణాలే కణాల్లో ఆటోఫేజీని రేపగలవు. పెట్రి డిష్‌లో కణాలు కిక్కిరిసిపోయినా, మాధ్యమం మార్చడం ఒక రోజు ఆలస్యమైనా పోషకాలు తగ్గి ఆటోఫేజీ పెరుగుతుంది. పైగా మేం ఎక్కువగా వాడే హెప్‌జీ2, హెచ్‌యూహెచ్7 కణాలు కాలేయ కణితుల నుంచి వచ్చినవి, వాటి ఆటోఫేజీ ఆరోగ్యవంతమైన కాలేయ కణానిది కాదు. కాబట్టి ఈ రంగంలో నేను ఎక్కువ విలువనిచ్చేది ఏటీజీ5 తొలగించిన ఎలుకల వంటి పనికి, రోగుల కాలేయపు ముక్కలను చూసిన పనికి. దీర్ఘకాలిక హెపటైటిస్-సి రోగుల బయాప్సీల్లో ఆటోఫేజీ సంచులు ఎక్కువగా ఉన్నా, లైసోజోమ్‌తో కలిసిన చివరి దశ తిత్తులు ఆ మేరకు పెరగలేదని 2011లో ఫ్రెంచి వైద్యులు చూపించారు. డిష్‌లో చూసిన అసంపూర్తి ఆటోఫేజీ మనిషిలో కూడా ఉందనడానికి అది మంచి సాక్ష్యం.

కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, ఇ గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. ఇవి రెండూ తొడుగు లేని వైరస్‌లని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, కాని కణం నుంచి బయటికి వచ్చేటప్పుడు కణపు పొరనే కప్పుకుని వస్తాయని తేలింది. హెపటైటిస్-ఎ విషయంలో దీన్ని 2013లో స్టాన్లీ లెమన్ బృందం చూపించింది. ఇది ఆటోఫేజీ కాదు, దాని పొరుగున ఉండే వేరే పొరల దారి. ఈ రెండు వైరస్‌లూ చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి, మన ఊళ్లలో పచ్చకామెర్లకు పసరు మందు పనిచేసిందని చెప్పుకునే కథల్లో ఎక్కువ భాగం వెనుక ఉన్నది ఇదే. హెపటైటిస్-బి దీర్ఘకాలికంగా స్థిరపడ్డాక అలా పోదు. దాని డీఎన్‌ఏ కణ కేంద్రకంలో మూసిన వలయంలా, సీసీసీ డీఎన్‌ఏ రూపంలో ఉండిపోతుంది. ఆటోఫేజీ సంచి కణద్రవంలో తిరిగేది, కేంద్రకంలోని ఆ వలయం దానికి అందదు. ఆటోఫేజీ వైరస్‌ను పూర్తిగా తినేస్తుందన్న మాట నిలబడకపోవడానికి ఇదొక్కటే చాలు.

మరి ఆటోఫేజీ వైరస్‌కు సాయపడుతుంటే దాన్ని ఆపే మందులతో చికిత్స చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. క్లోరోక్విన్ లైసోజోమ్‌లను ఆపుతుంది, చవకగా దొరుకుతుంది, ప్రయోగశాలల్లో ఈ ఆలోచన రాకపోలేదు. కాని కాలేయానికి ఆటోఫేజీ ప్రాణావసరం. 2005లో జపాన్‌కు చెందిన కొమాత్సు బృందం ఎలుకల కాలేయంలో ఏటీజీ7ను తొలగించినప్పుడు కాలేయం విపరీతంగా ఉబ్బి, కణాల నిండా చెత్త ప్రోటీన్లు పేరుకున్నాయి. 2011లో ఏటీజీ5ను పాక్షికంగా తొలగించిన ఎలుకల్లో కాలేయ కణితులు వచ్చాయి. హెపటైటిస్ రోగికి మనం భయపడేదే కాలేయ క్యాన్సర్ గురించి అయినప్పుడు ఈ దారి ఎలా పడతాం? పైగా హెపటైటిస్-సి రోగుల్లో ఆటోఫేజీ చురుకుగా ఉన్నవారి కాలేయంలో కొవ్వు తక్కువగా పేరుకుంటుందని ఇటలీ పరిశోధకులు గమనించారు. అంటే వైరస్‌కు సాయపడే ప్రక్రియే రోగి కాలేయాన్ని కొవ్వు నుంచి కాపాడుతోంది కూడా. కాబట్టి దీన్ని పెంచడమూ, ఆపడమూ రెండూ మొద్దు కత్తులే.

విజయం వచ్చింది వైరస్ సొంత ప్రోటీన్లను గురిపెట్టినప్పుడే. హెపటైటిస్-సిలో సోఫోస్‌బువిర్ అనే మందు వైరస్ పాలిమరేజ్‌ను, అంటే దాని ప్రతులు తీసే ఎంజైమును ఆపుతుంది. డాక్లాటాస్విర్ అనే మరో మందు వైరస్‌దే అయిన ఎన్ఎస్5ఏ ప్రోటీన్‌కు అతుక్కుని, వైరస్ తన ప్రతులు తీసుకునే రెండు పొరల బుడగలు తయారు కాకుండానే చేస్తుంది. ఈ బుడగలు ఆటోఫాగోసోమ్‌ల్లా కనిపించినా వాటికన్నా చాలా చిన్నవి, ఎక్కువగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ నుంచి పుట్టినవి. వాటి దగ్గర ఏటీజీ5-ఏటీజీ12 జట్టు ఉంటుంది గాని ఎల్‌సీ3 ఉండదని 2017లో ఒక బృందం చూపించింది. కణం ఆటోఫేజీని ముట్టుకోకుండా, వైరస్ దాని నుంచి దొంగిలించినదాన్ని మాత్రమే చెడగొట్టే మందు అన్నమాట. సిర్రోసిస్ లేని చాలామంది హెపటైటిస్-సి రోగులకు ఇలాంటి మాత్రలతో 12 వారాల్లో వ్యాధి పూర్తిగా నయమవుతోంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్-బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. మీ అన్నయ్యగారు మాత్ర మానాలనుకోవడంలో ఖర్చు కూడా ఒక కారణమైతే ఇది ఆయనకు చెప్పండి.

టెనోఫోవిర్ సీసీసీ డీఎన్‌ఏను తొలగించలేదు, కొత్త ప్రతులు రాకుండా మాత్రమే ఆపుతుంది. అందుకే దాన్ని ఏళ్ల తరబడి వాడాలి, అందుకే మానితే వైరస్ తిరిగి లేస్తుంది. మా దూరపు బంధువు ఒకాయన రిపోర్టులో వైరస్ కనిపించడం లేదని మాత్రలు మానేసి ఆకు పసర్లు తాగుతూ వచ్చారు. కొన్ని నెలలు బాగానే ఉన్నారు, ఆ తర్వాత కళ్లు పచ్చబడి ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది, కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ విలువ వేలల్లోకి వెళ్లింది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాక కోలుకున్నారు. సిర్రోసిస్ ఉన్నవారిలో ఇలా వ్యాధి ఒక్కసారిగా ఉబకడం ప్రాణం మీదికి తేగలదు. మందు ఆపడం కొందరి విషయంలో వైద్యులే ఆలోచిస్తారు, కాని అది పరీక్షలతో, నిఘాతో చేసే నిర్ణయం.

ఉపవాసం గురించి ఆచరణలో తెలుసుకోవలసినవి రెండు. మీ అన్నయ్యగారికి ఫైబ్రోస్కాన్‌లో (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే పరీక్ష) గాని, అల్ట్రాసౌండ్‌లో గాని సిర్రోసిస్ ఉందని తేలి ఉంటే దీర్ఘ ఉపవాసం అస్సలు కూడదు. సిర్రోసిస్ ఉన్న కాలేయంలో గ్లైకోజెన్ (కాలేయం దాచుకునే చక్కెర) నిల్వ తక్కువ, ఒక రాత్రి ఏమీ తినకుండా ఉంటేనే ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నప్పటి స్థితికి వాళ్ల ఒళ్లు చేరుకుని కండరాలను కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అందుకే కాలేయ వైద్యులు వాళ్లను రాత్రి పడుకునే ముందు కొంచెం తినమంటారు. సిర్రోసిస్ లేకుండా, కాలేయంలో కొవ్వు, అధిక బరువు ఉంటే బరువు తగ్గడం మంచిదే. దానికి భోజన వేళలు కుదించుకోవడం ఒక మార్గం కావచ్చు, అయితే అది కొవ్వుకు చేసే చికిత్సే తప్ప వైరస్‌కు చేసేది కాదు.

రెండోది మాత్ర వేసుకునే వేళ. టెనోఫోవిర్ రెండు రూపాల్లో దొరుకుతుంది. డైసోప్రాక్సిల్ రకం 300 మిల్లీగ్రాములది, దాన్ని తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. అలాఫెనమైడ్ రకం 25 మిల్లీగ్రాములది, దాన్ని ఆహారంతో వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు తక్కువగా ఒంటికి పడుతుంది. హెపటైటిస్-బికే వాడే మరో మందు ఎంటెకావిర్ వేసుకునేవాళ్లకు ఇది తలకిందులు, దాన్ని భోజనమైన రెండు గంటల తర్వాతే, ఖాళీ కడుపుతో వేసుకోవాలి. మీ అన్నయ్యగారి మాత్ర అట్ట మీద ఏ రకమో, ఎన్ని మిల్లీగ్రాములో చూసి, ఆయన భోజన వేళలు మార్చుకున్నా మాత్ర దానికి తగ్గ వేళకే పడేలా చూడండి.